కంప్యూటరు పూడిక

వాన నీళ్ళతో పాటు మట్టీ వచ్చి చెరువులో చేరుతుంది. ఏటా పేరుకుంటూ పోతే చివరికి నీళ్ళకే చోటుండదు. 2020 మే 29న సిద్దిపేట జిల్లా మర్కూక్‌లో పంపుహౌసు ప్రారంభమై, గోదావరి నీళ్ళు కొండపోచమ్మ సాగర్‌కి ఎక్కాయి గానీ, అంతకుముందు తరతరాలుగా ఆ చుట్టుపక్కల ఊళ్ళకి చెరువే దిక్కు. ఎండాకాలంలో పూడిక తీసి, ఆ మట్టిని పొలాలకి తోలుకునేవారు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో ప్రభుత్వమే ఆ పనికి పూనుకుంది.

కంప్యూటరుకీ పూడిక ఉందంటే నవ్వకండి. మనం ఏ పని చెప్పినా అది మధ్యలో చిత్తుకాగితాల్లాంటి ఫైళ్ళు రాసుకుంటుంది. పని అయ్యాక కొన్నిటిని పారేయడం మరిచిపోతుంది. అచ్చం మన పిల్లల్లాగే! అవి పేరుకుంటే అసలు పనికి చోటు కరువు.

బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌లో ఈ చిత్తుకోసం 'టెంప్' అని ఒక గది విడిగా పెట్టారు. మిషను ఆపి మళ్ళీ వేసినప్పుడు దాన్ని ఊడ్చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. 1979 నాటి ఏడో కూర్పులో 'క్రాన్' ఉండేది. చెప్పిన వేళకి చెప్పిన పని చేసే నౌకరన్నమాట. ఇక రోజూ చీపురు పట్టమని దానికే పురమాయించవచ్చు. మన ఇళ్ళల్లోకొచ్చిన విండోస్ 98లో డిస్క్ క్లీనప్ ఉండేది. 2017లో విండోస్ 10కి తనంతట తానే ఊడ్చుకునే ఏర్పాటు వచ్చింది. ఈనాటి లినక్స్‌లు చాలావాటిలో టెంప్ గదికి పది రోజుల గడువు పెట్టారు.

బాగానే ఉంది. కానీ ఆ నౌకరుకి తేదీ తప్ప విలువ తెలియదే!

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో చూడండి. పది రోజులు దాటిన పాత చిట్టాల్ని తుడిచే ప్రోగ్రాము ఒకటి పని చేస్తూ ఉండగానే, దాని స్థానంలో కొత్త కూర్పు పెట్టారు. సగం పాతదీ సగం కొత్తదీ కలిసి, ఏ గది ఊడవాలో చెప్పే పేరు ఖాళీ అయిపోయింది. అది పరిశోధకుల గదిలోకి దూరి, కొత్తగా ముట్టుకోని ఫైళ్ళన్నీ తుడిచేసింది. సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు, 77 టెరాబైట్లు! 14 బృందాలు నష్టపోతే, అందులో నాలుగింటి సమాచారం తిరిగి దొరకలేదు. ఎన్నేళ్ళ కష్టమో! పది రోజులు ముట్టుకోనంత మాత్రాన అది చెత్తవుతుందా? మన బీరువాలో పెళ్ళిచీర ఎన్నాళ్ళకోసారి తీస్తాం?

చెరువు మట్టిని రైతు చేత్తో పిసికి చూసి మరీ బండికెత్తేవాడు. యంత్రానికి ఆ చెయ్యి లేదు. ఊడ్చే పని దానికి అప్పజెప్పండి, తప్పులేదు. అమ్మాయి పెళ్ళిఫొటోలూ, అబ్బాయి మార్కుల కాగితాలూ మాత్రం ఆ గదిలో పెట్టకండి. ఇంకోచోట ఇంకో ప్రతి దాచుకోండి. ఏది చెత్తో, ఏది సొత్తో చెప్పాల్సింది మనమే కదా!