బూసాదాలో ఉండిపోయిన చిత్రకారుడు

మన బళ్ళో డ్రాయింగ్ మాస్టారు "గీసే ముందు చూడండిరా" అనేవారు గుర్తుందా? ఎతియెన్ దినే గురించి చదివినప్పుడు నాకా మాటే గుర్తొచ్చింది.

తూర్పు దేశాలను గీసిన ఫ్రెంచి చిత్రకారుల్లో చాలామంది కొన్నాళ్ళు తిరిగి, స్కెచ్‌లతో పారిస్ చేరి, అక్కడ బొమ్మలు పూర్తిచేసేవారు. 1832లో మొరాకో, అల్జీరియా చూసొచ్చిన దెలక్రువా చేసిందీ అదే.

దినే 1861లో పారిస్‌లో పుట్టాడు. 1884లో, అరుదైన పురుగు కోసం బయల్దేరిన బృందంతో, ఫ్రాన్సు ఏలుబడిలోని అల్జీరియాకు తొలిసారి వెళ్ళాడు. తర్వాత ఏటేటా వెళ్ళి అరబిక్ నేర్చుకున్నాడు. ఎడారి అంచునున్న బూసాదాలో ఇల్లు కొన్నాడు. స్లిమాన్ బెన్ ఇబ్రహీం అనే అల్జీరియా మిత్రుడితో కలిసి పుస్తకాలు రాశాడు. 1913లో ఇస్లాం స్వీకరించి నస్రుద్దీన్ అయ్యాడు. 1929లో స్లిమాన్‌తో హజ్ యాత్ర చేసివచ్చి, ఆ డిసెంబరులోనే పారిస్‌లో కన్నుమూశాడు. సమాధి మాత్రం బూసాదాలోనే.

అతని బొమ్మల్లోనూ నాట్యగత్తెల మీద యూరప్ వాళ్ళ మోజు కనిపిస్తుంది. అయినా 1962లో స్వాతంత్ర్యం వచ్చాక అల్జీరియా అతణ్ణి పరాయివాడనుకోలేదు. బూసాదా మ్యూజియానికి అతని పేరే ఉంది.

ఇంజినీరుగా నేనూ చాలా ఊళ్ళలో పనిచేశాను. పని పూర్తికాగానే సామాను సర్దుకున్నాను. ఒక్క ఊరి భాషా సరిగ్గా నేర్వలేదు. మాస్టారు చూడమన్నది దేన్నో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.