ఫీనిక్స్‌లో రేకుల ఇల్లు

దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరానికి ఉత్తరాన, ఇనాండా ప్రాంతంలో ‘సర్వోదయ’ అనే ఇల్లుంది. చెక్క, ముడతల ఇనుప రేకులతో కట్టిన ఇల్లు. గాంధీ నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమంలో ఆయన కుటుంబం కాపురమున్నది అక్కడే.

ఆశ్రమం ఆలోచన రైల్లో పుట్టింది. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ బయల్దేరిన గాంధీకి మిత్రుడు హెన్రీ పోలక్ స్టేషన్లో జాన్ రస్కిన్ పుస్తకం ‘అన్‌టు దిస్ లాస్ట్’ ఇచ్చాడు. ఆ రాత్రి గాంధీకి నిద్ర పట్టలేదు. మంగలి పనికీ వకీలు పనికీ విలువ ఒక్కటేనన్న మాట మనసులో నాటుకుపోయింది. తాను నడుపుతున్న ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికను పొలానికి మార్చాలనీ, పనిచేసే వాళ్లంతా సేద్యం చేయాలనీ, రంగు, దేశం తేడా చూడకుండా అందరికీ నెలకు 3 పౌన్లే ఇవ్వాలనీ తీర్మానించుకున్నారు.

1,000 పౌన్లు పెట్టి 100 ఎకరాలు కొన్నారు. అక్కడ ఉన్నవల్లా ఓ చిన్న ఊట, కొన్ని నారింజ, మామిడి చెట్లు, లెక్కలేనన్ని పాములు. మిత్రుడు పార్సీ రుస్తుంజీ పాత రేకులు, ఇతర సామగ్రి ఇచ్చారు. నెల తిరక్కుండా 75 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పున ప్రెస్ షెడ్డు లేచింది. మట్టి గోడల పూరిళ్లు వేసుకోవాలని ఉన్నా, పని త్వరగా తెమలాలని ఇళ్లకూ రేకులే వాడారు.

పత్రిక తొలిసారి అక్కడ అచ్చవాల్సిన రాత్రి ఆయిల్ ఇంజన్ మొరాయించింది. చేత్తో తిప్పే చక్రానికి ఒకేసారి నలుగురు మనుషులు కావాలి. కట్టడం పనితో అలసి నిద్రపోతున్న వడ్రంగులను గాంధీ లేపారు. వాళ్లతోపాటు తానూ వంతు వేసుకుని తిప్పారు. తెల్లవారాక ఇంజన్ కదిలింది, పత్రిక వేళకు అందింది.

1913లో కస్తూర్బా సత్యాగ్రహానికి బయల్దేరింది ఫీనిక్స్ నుంచే. 1914లో గాంధీ దక్షిణాఫ్రికా విడిచి వచ్చారు. తర్వాత కుమారుడు మణిలాల్ 1956లో కన్నుమూసేదాకా పత్రికను నడిపారు. వర్ణవివక్ష పాలనలో 1985 ఆగస్టులో చెలరేగిన ఇనాండా అల్లర్లలో ఇల్లు, ప్రెస్సు ధ్వంసమయ్యాయి. మళ్లీ కట్టిన ఇంటిని 2000 ఫిబ్రవరిలో అధ్యక్షుడు థాబో ఎంబెకీ ప్రారంభించారు.

సత్యాగ్రహం మొదలైంది 1906లో. ప్రభుత్వంపై ఆ పోరుకు దిగడానికి రెండేళ్ల ముందే గాంధీ తన చోట సమాన వేతనం అమలు చేశారు. ఈ ఇంటి గొప్పతనం అదే. 1860 నుంచి ఇక్కడి నేటాల్ ప్రాంత చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అలా వలస వెళ్లిన భారతీయుల గోడు వినిపించిన పత్రిక అచ్చయిన నేల ఇది. డర్బన్ వెళ్లే తెలుగువాళ్లు తప్పక చూసి రావాలి.