క్రైస్తవ గానమున మారుచున్న ధ్వని

గుంటూరు, ప్రకాశము సీమలలో క్రైస్తవ యువకులు సెల్‌ఫోనులందు వినుచున్న పాటలలో నేడొక క్రొత్త జాతి కలదు. దానిని ర్యాప్ అందురు. అందు రాగాలాపన యుండదు. మాటయే తాళమును పట్టుకొని పరుగెత్తును. ఇది పాటయా, కలహమా యని పెద్దలు విసుగుకొనుచున్నారు. వారి విసుగును మేము తప్పుపట్టము. కాని ఈ నల్లరేగడి నేలమీద, ప్రత్తిచేల నడుమ, మిరపకళ్ళముల ప్రక్క, యేసు నామము ఇంతకుముందు ఎన్ని ధ్వనులలో వినబడినదో ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనుట యవసరమని తోచుచున్నది.

ముందుగా ఆ ర్యాప్ మాట. 1973 ప్రాంతమున న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, నల్లజాతి యువకుల వేడుకలలో ఈ సంగీతము పుట్టినది. 1985లో స్టీఫెన్ వైలీ అను నాతడు బైబిలు విషయములను ఈ పద్ధతిలో పలికి క్యాసెట్టుగా వెలువరించెను. ఆ త్రోవలో నడచినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు లెక్రే. ఇతడు 1979లో హ్యూస్టన్ నగరమున జన్మించెను. ఇతని సంపుటములను మేము వెలువడిన వరుసలోనే విన్నాము. శ్రోతలకును అట్లే వినుడని మనవి చేయుదుము. ఏలయన ఒక మనిషి గొంతులో పదునారేండ్ల కాలము ఎట్లు నడచినదో అప్పుడే తెలియును.

2004 నాటి ‘రియల్ టాక్’లో బోధ అధికము. మద్దెల మోత గట్టిది, మాట సూటియైనది. వీధిలో నిలబడి ప్రసంగించు ఉపదేశకుని తీరు. 2010 నాటి ‘రిహాబ్’లో తన బలహీనతలు తొంగిచూచినవి. 2012లో వచ్చిన ‘గ్రావిటీ’కి మరుసటి యేడు ఉత్తమ గాస్పెల్ సంపుటమను గ్రామీ బహుమానము లభించినది. 2014లో ‘అనామలీ’ అమెరికా దేశపు విక్రయముల పట్టికలో ప్రథమస్థానము నందినది. అందరు మెచ్చుకొనిరి. తరువాత నల్లజాతివారిపై పోలీసుల కాల్పులను గూర్చి ఈతడు నోరు విప్పగనే, మెచ్చుకొన్న శ్వేతజాతి సంఘములలో పలువురు ముఖము త్రిప్పుకొనిరి. 2017 నాటి ‘ఆల్ థింగ్స్ వర్క్ టుగెదర్’లో ధ్వని చీకటిపడినది, తాళము మందగించి, గొంతు అలసినట్లు వినబడును. 2020 నాటి ‘రెస్టొరేషన్’లో మరల కొంత తేటదనము కలదు. స్వర్గమును పాడినంతకాలము ఆక్షేపింపనివారు, తన వీధిని పాడగనే ఆక్షేపించిరి. మా చెవికి ఇతని చరిత్రలో ముఖ్యమైనది ఇదియే.

ఇట్టి సంగతి మన సీమకు క్రొత్త కాదు.

లూథరన్ మిషనరీ హయ్యరు 1842 జూలై నెలలో గుంటూరు చేరెను. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చెను. ఆ తొలిదినములలో బాప్తిస్మము పొందినవారిలో యెర్రగుంట్ల పెరయ్య ముఖ్యుడు. మాదిగ కులస్థుడు, అంతకుముందే రాజయోగ సాధనలో మెలగినవాడు. పిమ్మట 1876–78 నాటి గొప్ప కరవు వచ్చినది. బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళకు పైబడిన భాగమును క్లౌ గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

క్లౌ విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మూడవ నియమముతో డప్పు నిలిచిపోయినది. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టుట మాదిగలకు ఇష్టమైన వినోదము కాదు, ఊరివారు విధించిన వెట్టి. కొట్టమని చెప్పినవారికి కొన్ని గ్రామములలో కూలి పోయినది, నీళ్ళబావి దూరమైనది. కనుక నాటి మౌనము భయము కాదు, తిరుగుబాటు. కాని ఆ తిరుగుబాటులోనే తాతముత్తాతల చేతివిద్యయు గడప వెలుపల ఉండిపోయినది. నిప్పుసెగకు చర్మమును బిగించి, ఒక చేత సిర్రను, మరొక చేత సిటికెన పుల్లను పట్టి పలికించు వాద్యము, దేవుని మందిరమున పనికిరానిదిగా ఎంచబడినది.

దాని స్థానమున వచ్చినది కీర్తనము. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడై, కర్ణాటక బాణీలలో కీర్తనలు వ్రాసెను. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరచినచో పాటపై రాగము, తాళము ముద్రించియుండును. చెప్పులు కుట్టినవారును, చేలు కోసినవారును ఆ శంకరాభరణమును, ఆ త్రిపుటను తమవి చేసికొనిరి. ఇది సామాన్యమైన విషయము కాదు. సంగీత సభలలో చోటు దొరకని జనులకు ఆ రాగములు గుడిసె దేవాలయములలో దొరికినవి.

హార్మోనియము సంగతి చెప్పుటకు మా రేడియో వారికి కొంచెము సంకోచము. 1940లో ఆకాశవాణి దానిని స్టూడియోల నుండి బహిష్కరించెను. 1971 ప్రాంతమున గాని ఆ నిషేధము సడలలేదు. అది మన గమకములను పలుకజాలదని పండితుల వాదము. మా కేంద్రములలో అంటరానిదైన ఆ పెట్టె ఆ కాలమంతయు పల్లె దేవాలయములలో ఆదివారమాదివారము మ్రోగుచునే యుండెను!

తరువాత సినిమా బాణీ వచ్చినది. 1978 నాటి ‘కరుణామయుడు’ చిత్రమునకు మోదుకూరి జాన్సన్ వ్రాసిన పాట మతభేదము లేక ఇంటింట వినబడినది. క్యాసెట్టులు, కీబోర్డులు దాని వెంట వచ్చినవి. వీనిని గూర్చి విస్తరింప నక్కరలేదు.

విస్తరింపవలసినది డప్పు మరల వచ్చిన తీరు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలపై దాడి జరిగి ప్రాణములు పోయినవి. మిగిలినవారు చీరాలకు పరుగెత్తిరి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మాలల హత్యాకాండ జరిగినది. మడిసినవారిలోను, మిగిలినవారిలోను క్రైస్తవ కుటుంబములవారు కలరు. 1994 జూలై 7న ప్రకాశము జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమము పుట్టినది. దాని పేరే చాటింపు డప్పు పేరు. వెట్టియని తాతలు వదలిన వాద్యమును మనుమలు ఆత్మగౌరవమని భుజమునకు తగిలించుకొనిరి. ఆ పిమ్మట కొన్ని దేవాలయములలోనికిని అది ప్రవేశించినది. తాతలు తప్పుచేసిరని మేమనము. వారు కొట్టనన్నది ఇతరుల ఆజ్ఞకు. వీరు కొట్టుచున్నది తమ యిచ్ఛకు.

ఇక తాళముపై మాటను పరుగెత్తించుట మనకు తెలియని విద్యయా? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు (1920–1997) బుర్రకథను విన్నవారు ఆ మాట అనజాలరు. రాగము నుండి వచనమునకు, వచనము నుండి వేగమైన పలుకునకు దూకుట, వంతల కేక, నాటి సంగతిని కథ నడుమ చెణుకుగా విసరుట, ఇవన్నియు ర్యాప్ పాడువానికి కావలసిన పనిముట్లే. ప్రాంగణములలో క్రీస్తు కథను బుర్రకథగా చెప్పిన దళములును కలవు. కావున రూపమును గూర్చి పెద్దలు బెంగపడ నక్కరలేదు.

మా బెంగ వేరు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ‘గబ్బిలము’ వ్రాసి, తన జనుల ఆకలిని, అవమానమును పద్యములో నిలిపెను. ఆ పలుకు సాహిత్యమున స్థిరపడినది. దేవాలయపు పాటల పుస్తకములోనికి మాత్రము రాలేదు. నేటి తెలుగు క్రైస్తవ ర్యాపులో మేము విన్నంతవరకు వేగము కలదు, అమెరికా మద్దెల కలదు, స్తుతి కలదు. గుండ్లకమ్మ లేదు, మిరపకోతల కూలి లేదు, కారంచేడు లేదు. లెక్రే ‘అనామలీ’ తరువాత దాటిన గడపను మన పిల్లలలో ఎవ్వరును ఇంకను దాటినట్లు మా చెవిని పడలేదు.