పొట్ట తిప్పి చూస్తే తెలిసే పురుగు

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరతారు. ఆ తొలకరి రోజుల్లోనే, పబ్లిక్ గార్డెన్స్ లాంటి చోట్ల, ఎవరి కంటా పడని వేటగాళ్లు పనిలోకి దిగుతాయి. పగలంతా రాళ్ల కింద, రాలిన ఆకుల కింద నక్కి ఉండి, చీకటి పడగానే గొంగళిపురుగుల కోసం, నత్తల కోసం నేల మీద పరుగులు తీస్తాయి. అవే నేల పెంకుపురుగులు. శాస్త్రవేత్తలు వీటి కుటుంబాన్ని కారాబిడే అంటారు. ప్రపంచంలో వీటి జాతులు సుమారు 40 వేలు. చాలావాటికి నలుపు రంగే, పొడుగాటి కాళ్లే, ముందుకు పొడుచుకొచ్చిన దవడలే. చూపుకి ఒకలా కనిపించే ఇన్ని వేల పురుగులను విడదీయడం రెండున్నర శతాబ్దాల పని అయింది. ఆ పనికి తొలి సరుకు పంపినవాళ్లలో ఒకాయన మన కాకినాడ మట్టిలోనే కలిసిపోయాడు.

కరివేపాకు డాక్టరు

ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టిక్ ప్రాంతంలో పుట్టాడు. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నాడు. 1768లో వైద్యుడిగా డేన్మార్క్ వారి రేవుపట్నం తరంగంబాడికి వచ్చాడు. వైద్యం జీవనోపాధి, మొక్కలూ పురుగులూ ప్రాణం. చెదపురుగుల మీద ఆయన వ్యాసం 1779లో అచ్చయింది. మనం రోజూ పోపులో వేసే కరివేపాకు శాస్త్రీయ నామం ముర్రాయా కోయెనిగీ. ఆ రెండో మాట ఈయన పేరే.

1778లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని మద్రాసులో ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది. సామర్లకోటలో ఉంటూ మొక్కలు పెంచుతున్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు స్నేహితుడు. 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూసినప్పుడు దగ్గరుండి చూసుకున్నదీ రాక్స్‌బర్గే. కోనిగ్ కాగితాలు లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి.

ఆయన పట్టి, ఎండబెట్టి, ఓడల్లో పంపిన పురుగుల్లో చాలావాటికి పేర్లు పెట్టింది లిన్నేయస్ ఇంకో శిష్యుడు, డేన్మార్క్‌కు చెందిన ఫాబ్రిషియస్. గురువు పురుగులను రెక్కలను బట్టి విభజించాడు. శిష్యుడు ఆ దారి వదిలి నోటిని పట్టుకున్నాడు. ఏం తింటుందో, ఎలా తింటుందో చెప్పే అవయవమే పురుగు స్వభావాన్ని ఎక్కువ చెబుతుందని ఆయన నమ్మకం. 1775లో అచ్చయిన ఆయన గ్రంథంలోనే మన దక్కను మెట్టనేలల మీద తిరిగే ఆరు తెల్ల చుక్కల నల్ల పురుగుకు పేరు దొరికింది. ఇప్పుడు దాన్ని ఆంథియా సెక్స్‌గుట్టాటా అంటున్నారు. ఆ చుక్కలు రంగు మచ్చలు కావు, దట్టంగా మొలిచిన తెల్లని వెంట్రుకలు. ఇది ఎగరలేదు. బెదిరిస్తే వెనక నుంచి ఫార్మిక్ ఆసిడ్ చిమ్ముతుంది.

కాలు చెప్పిన సాక్ష్యం

నోటితో మొదటి మెట్టు ఎక్కొచ్చు గానీ మేడంతా ఎక్కలేం. వేటాడే పెంకుపురుగులన్నిటి దవడలూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. 1802లో లాత్రెయ్ వీటిని ఒక కుటుంబంగా కట్టాడు. ఆ తర్వాత పరిశోధకుల చూపు పురుగు అడుగుభాగం మీద పడింది. నేల పెంకుపురుగును వెల్లకిలా తిప్పితే, వెనక కాలి మొదటి భాగం పొట్ట మీది తొలి పలకను పూర్తిగా చీల్చుకుంటూ వెనక్కి వెళ్లినట్టు కనిపిస్తుంది. పేడపురుగులో, ముక్కుపురుగులో ఆ చీలిక ఉండదు. నీళ్లలో ఈదే వేటపురుగుల్లో మాత్రం ఉంటుంది, ఎందుకంటే అవి వీటికి దాయాదులు. ముందుకాలి మీద, మీసాలను దువ్వుకోవడానికి ఉండే గాడి ఇంకో ఆనవాలు. 1810లో ఇటలీలోని టూరిన్‌లో బొనెల్లి ఇలాంటి సూక్ష్మాలను చూసే కొత్త ప్రజాతులు ఏర్పరచాడు. పంటచేలల్లో గొంగళిపురుగులను తినే క్లీనియస్ వాటిలో ఒకటి.

ఆ తరంలో నెపోలియన్ సేనాధిపతి దెజాన్ సంగతి వేరు. 1809లో స్పెయిన్‌లో యుద్ధం మొదలయ్యే క్షణాన గుర్రం దిగి, ఒక పెంకుపురుగును పట్టి టోపీలో గుచ్చుకున్నాడని కథ చెప్పుకుంటారు. కథ మాటెలా ఉన్నా, 1825 నుంచి ఆయన వరసగా తెచ్చిన సంపుటాల్లో తొలి భాగాలన్నీ నేల పెంకుపురుగులకే దక్కాయి.

మన దేశపు లెక్క తేల్చినవాడు హెర్బర్ట్ ఆండ్రూస్. ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ పరంపరలో ఆయన రాసిన రెండు సంపుటాలు 1929లో, 1935లో వచ్చాయి. నడుమ 1930లో భారతదేశపు కారాబిడేల జాబితా కూడా వెలువడింది. మూడూ కలిపి చూస్తే అంతకుముందు శతాబ్దంన్నరలో తలా ఒక చోట, తలా ఒక భాషలో పెట్టిన పేర్లు ఒక చోట చేరాయి.

లోపలికి వెళ్లినవారు, బయటికొచ్చినవారు

అదే పరంపరలో 1912లో ఫౌలర్ రాసిన సంపుటం ఉంది. అందులో రెండు గుంపులు విడివిడి కుటుంబాలు. మొదటివి ఇసుక నేలల మీద పట్టపగలు మెరుపులా పరుగెత్తే పులి పెంకుపురుగులు. రెండోవి చీమల పుట్టల్లో కాపురముండే, వెడల్పాటి మీసాల పాసస్‌లు. తర్వాతి దశాబ్దాల్లో పిల్లపురుగుల ఆకారాలు, మగపురుగుల జననాంగాలు, 1990ల నుంచి డీఎన్ఏ కూడా సాక్ష్యానికి వచ్చాయి. రెండు గుంపులూ నేల పెంకుపురుగుల ఇంట్లోకి చేరాయి. పాసస్‌లు అక్కడే స్థిరపడ్డాయి. పులి పెంకుపురుగులను మాత్రం, డీఎన్ఏ ఆధారంగానే, విడి కుటుంబంగా గుర్తించాలని 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండు కాలాల జువాలజీ పుస్తకాలు కొని పక్కపక్కన పెడితే, రెండూ రెండు మాటలు చెప్పినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాసస్‌లు నిలిచిపోయిన ఇంట్లోనే ఇంకో వింత జీవి ఉంది. అది పసుపు మచ్చల ఫెరోప్సోఫస్, అంటే బాంబులు వేసే పురుగు. మన దేశంలో దీని జాతులు చాలానే ఉన్నాయి. పొట్ట చివర దీనికి రెండు గదులుంటాయి. ఒకదానిలో హైడ్రోక్వినోన్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి నిలవ ఉంటాయి. రెండోదానిలో ఎంజైములుంటాయి. ప్రమాదం వచ్చినప్పుడు మొదటి గదిలోని ద్రవం రెండోదానిలోకి వెళ్లి, టపాకాయ పేలినట్టు చప్పుడుతో బయటికి చిమ్ముతుంది. ఇలాంటి పురుగు చిమ్మే ద్రవం సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటుందని 1969లో ఐస్‌నర్ బృందం కొలిచి చూపింది. అది ఒక్క ధార కాదనీ, సెకనుకు సుమారు 500 చొప్పున వెలువడే విడివిడి పేలుళ్లనీ 1990లో తేలింది. జపాన్‌లో వీటిని మింగిన గోదురుకప్పల్లో 43 శాతం తర్వాత కక్కేశాయనీ, కక్కిన పురుగులు బతికే ఉన్నాయనీ 2018లో ప్రచురించారు. పాసస్‌లకూ ఇలాంటి వేడి చిమ్ముడు విద్యే ఉంది. ఈ విద్య ఒకే పూర్వీకుడి నుంచి ఇద్దరికీ వచ్చిందా, ఎవరికి వారు నేర్చుకున్నారా అన్నది వర్గీకరణ తేల్చాల్సిన ప్రశ్న. చుట్టరికం తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం.

రైతుకూ ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. వరి పొలంలో సన్నటి నడుముతో, ఎరుపూ నల్లనీలం రంగుల్లో తిరిగే ఒఫియోనియా అనే నేల పెంకుపురుగు, ఆకుముడత పురుగు మడిచిన ఆకులోకి దూరి ఆ పురుగును తినేస్తుంది. సుడిదోమనూ వదలదు. రంగు చూసి, కదలిక చూసి దాన్నీ చీడపురుగు అనుకుని మందు కొడితే, చీడతో పాటు కూలి అడగని కాపలాదారూ పోతుంది. రంగును నమ్మక, నోటినీ కాలినీ అడగడం రెండున్నర శతాబ్దాలుగా శాస్త్రవేత్తలు చేసిన పని. చేలో దొరికిన పురుగును మందుడబ్బా తెరవక ముందే ఒక్కసారి వెల్లకిలా తిప్పి, పొట్ట మీద ఆ చీలిక ఉందేమో చూడటం రైతుకూ సాధ్యమే. చీలిక కనిపిస్తే అది చాలావరకు వేటగాళ్ల వంశమే.