నింపడం, తీయడం: కారు ఏసీ గ్యాసు చరిత్రలో ఇంటి డబ్బా, వర్క్‌షాపు యంత్రం

మలేషియాలోని పేరాక్ రాష్ట్రంలో, పేరాక్ నదికీ బెర్నామ్ నదికీ నడుమ సముద్రాన్ని ఆనుకొని ఉన్న పల్లపు నేల బాగన్ దాతుక్. కొబ్బరి తోటలకు పేరుపడిన ఈ ప్రాంతం 2017లో ప్రత్యేక జిల్లా అయింది. బ్రిటిష్ పాలనలో నేటి విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి తోటపనికి వలస వెళ్ళిన కుటుంబాల వారసులు ఈ తీరంలో నేటికీ ఉన్నారు. భూమధ్యరేఖకు నాలుగు డిగ్రీల దూరంలోని ఈ చోట చలికాలమనేది లేదు. విజయవాడలో కారు ఏసీకి మార్గశిర, పుష్య మాసాలలోనైనా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. బాగన్ దాతుక్‌లో ఏడాదంతా పనే. కాబట్టి చల్లగాలి తగ్గిన రోజున అక్కడి యజమానికి ఎదురయ్యే ప్రశ్న చిన్నదేమీ కాదు. గ్యాసు డబ్బా కొని ఇంటి ముందే నింపుకోవాలా, లేక మలయ్ భాషలో ‘బెంగ్‌కెల్’ అని పిలిచే వర్క్‌షాపుకు వెళ్ళాలా? డెట్రాయిట్‌లోనైనా లండన్‌లోనైనా తెలుగువారికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. దీనికి ప్రతి దేశమూ ఒక్కో సమాధానం చెప్పడానికి కారణం ఆ గ్యాసు చరిత్రలో ఉంది.

తొలినాటి శీతల యంత్రాలలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు వాడేవారు. 1928లో థామస్ మిజ్లీ బృందం జనరల్ మోటార్స్ కోసం క్లోరోఫ్లోరోకార్బన్‌లను రూపొందించింది. వాటిలో ఒకటైన ఆర్-12 మండదు, విషం కాదు, వాసన లేదు. 1939లో ప్యాకర్డ్ సంస్థ కార్లలో ఏసీని అమ్మకానికి పెట్టింది. 1954లో నాష్ సంస్థ ఆ యంత్రాంగమంతటినీ కారు ముందు భాగంలోనే ఇమిడేలా కుదించింది. వాయువు నిరపాయకరమన్న నమ్మకమే ఇంటి డబ్బాకు పునాది. విషవాయువును పెరట్లో నింపుకునే సాహసం ఎవరూ చేయరు. ఆర్-12 విషయంలో ఆ భయం లేకపోయింది. అమెరికాలో చిన్న డబ్బాలు దుకాణాలలో సరుకుగా దొరికేవి.

అసలు గ్యాసు ఎందుకు తగ్గుతుంది? అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో ద్రవంగా, వాయువుగా మారుతూ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లోని ఫ్రిజ్‌లో మోటారూ కంప్రెసరూ ఒకే ఉక్కు గుల్లలో బిగించి ఉంటాయి కనుక దశాబ్దాలపాటు గ్యాసు తగ్గదు. మామూలు కారులో కంప్రెసరును ఇంజను బెల్టు తిప్పుతుంది. కాబట్టి దాని ఇరుసు బయటికి పొడుచుకు రాక తప్పదు. ఆ ఇరుసు చుట్టూ ఉన్న సీలు నుంచీ, ఇంజను కుదుపులను తట్టుకోవడానికి అమర్చిన రబ్బరు గొట్టాల నుంచీ వాయువు కొద్దికొద్దిగా బయటికి పోతుంది. గ్యాసు తగ్గిందంటే అది ఎక్కడో కారిందనే అర్థం. అయినా కారుతున్న చోటును వెతకడం కంటే మళ్ళీ నింపడమే తేలిక. ఆ రోజుల్లో వర్క్‌షాపులు కూడా మరమ్మతుకు ముందు పాత గ్యాసును గాలిలోకి వదిలేసేవి. నైపుణ్యం మాట ఎలా ఉన్నా, గాలికి సంబంధించినంతవరకు ఇంటికీ వర్క్‌షాపుకూ తేడా లేదు.

ఆ తేడాను తెచ్చింది రసాయన శాస్త్రం. ఈ వాయువులు చెక్కుచెదరకుండా పైకి చేరి, అక్కడ ఓజోన్ పొరను హరిస్తాయని 1974లో మోలీనా, రోలండ్‌లు ప్రకటించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ క్షీణతను బ్రిటిష్ పరిశోధకులు వెల్లడించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడికపై సంతకాలు జరిగాయి. అందులో మలేషియా 1989లో, భారతదేశం 1992లో చేరాయి. వర్ధమాన దేశాలకు 2010 వరకు గడువు లభించింది.

ఆ తరువాత వచ్చిన చట్టాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వాటి ప్రధాన దృష్టి గ్యాసును నింపే చేతి మీద కాదు, తీసే చేతి మీద ఉంది. అమెరికాలో 1992 నుంచి ఈ వాయువును తెలిసి గాలిలోకి వదలడం నిషిద్ధమైంది. డబ్బు తీసుకొని కారు ఏసీ మరమ్మతు చేసేవారికి ధ్రువపత్రం, గ్యాసును వెనక్కి తీసే యంత్రం తప్పనిసరి అయ్యాయి. యూరపులో 2008 నాటి నిబంధన, వాహనాల నుంచి గ్యాసును వెనక్కి తీసేవారికే శిక్షణ పత్రం ఉండాలంది. మలేషియా 1999లో శీతల వాయువుల నిర్వహణపై ప్రత్యేక నిబంధనలు చేసింది. 2001లో ఆమోదం పొందిన జాతీయ సి.ఎఫ్.సి. నిర్మూలన ప్రణాళికలో, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో, కారు ఏసీ వర్క్‌షాపులను ముఖ్యంగా లెక్కలోకి తీసుకుంది. బాగన్ దాతుక్ వంటి మారుమూల జిల్లాలోని బెంగ్‌కెల్‌కు కూడా మాంట్రియల్‌తో సంబంధం ఏర్పడింది ఈ దారినే.

ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. కానీ వందేళ్ళ లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఒక కారులో అర కిలో గ్యాసు ఉందనుకుంటే, అదంతా కారిపోవడం 715 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే దాదాపు 300 లీటర్ల పెట్రోలు మండించినట్లు. 2016లో కిగాలీ సవరణ ఈ వాయువులను కూడా ఒడంబడిక పరిధిలోకి తెచ్చింది; మలేషియా దానిని 2020లో ఆమోదించింది. యూరపులో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఏ చెల్లదు. దాని బదులు ఎక్కువగా వాడుతున్న ఆర్-1234వైఎఫ్‌కు భూమిని వేడెక్కించే గుణం అతిస్వల్పం, అయితే అది కొద్దిగా మండే స్వభావం గలది.

ఇంటి డబ్బా విషయంలో దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. యూరపు 2007 నుంచి తిరిగి నింపడానికి వీలుకాని డబ్బాల అమ్మకాన్ని నిషేధించింది. అమెరికా డబ్బాను ఉంచి, దాని మూతిని మార్చింది. 2018 నుంచి తనంతట తాను మూసుకునే కవాటం ఉన్న చిన్న డబ్బాలనే ధ్రువపత్రం లేనివారికి అమ్మాలి. కాలిఫోర్నియా 2010 నుంచే అటువంటి కవాటాన్ని కోరుతూ, ఖాళీ డబ్బా తిరిగి తెచ్చేలా 10 డాలర్ల ధరావతు పెట్టింది. సామాన్యుడి ఖర్చుకూ గాలి క్షేమానికీ మధ్య కుదిర్చిన రాజీ అది.

డబ్బాకు న్యాయం చేస్తూ చెప్పాలంటే, నాలుగైదేళ్ళకు కొంచెం తగ్గే పాత కారుకు అది చవకైన ఉపాయమే. కానీ డబ్బాకు అమర్చిన మీటరు తక్కువ పీడనం వైపు ఒత్తిడిని మాత్రమే చూపుతుంది. ఆ ఒత్తిడి బయటి వేడిని బట్టి మారుతుంది. లోపల ఎన్ని గ్రాములున్నాయో చెప్పదు. ఎక్కువ నింపితే చల్లదనం తగ్గి, కంప్రెసరు దెబ్బతింటుంది. లోపల చేరిన గాలినీ తేమనూ డబ్బా తీయలేదు. కొన్ని డబ్బాలలో కలిపే లీకు మూసే జిగురు వర్క్‌షాపు యంత్రాలనే పాడుచేస్తుంది. విద్యుత్ కంప్రెసరున్న హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో తగని నూనె ఉన్న డబ్బా వాడితే విద్యుత్ నిరోధకం చెడి, ప్రమాదానికి దారితీయవచ్చు.

మంచి వర్క్‌షాపు చేసేది వేరు. ఉన్న గ్యాసును యంత్రంలోకి తీసి తూస్తుంది. ఎంత కారిందో అప్పుడే తేలుతుంది. లీకు వెతికి బాగుచేస్తుంది. లోపలి గాలినీ తేమనూ లాగేసి, తయారీదారు చెప్పిన తూకం ప్రకారం నింపుతుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం అటువంటి యంత్రం తూకంలో తేడా 15 గ్రాములకు మించకూడదు. ఇవేవీ చేయకుండా గొట్టం తగిలించి ‘టాప్-అప్’ చేసి పంపే వర్క్‌షాపుకు బోర్డు ఉండవచ్చు గానీ, అది చేసినది ఇంటి పనే. కాబట్టి యజమాని వర్క్‌షాపులో అడగవలసిన మొదటి ప్రశ్న ‘నింపడానికి ఎంత?’ అన్నది కాదు. ‘ఉన్నది తీసి తూస్తారా?’ అన్నది.

బాగన్ దాతుక్‌లో ఈ లెక్క కొంత దగ్గరగా కనిపిస్తుంది. అక్కడి తోటలనూ ఇళ్ళనూ సముద్రపు పోటు నుంచి కాపాడుతున్నవి మట్టికట్టలు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ కట్టలు తెగి ఉప్పునీరు లోపలికి రావడం అక్కడివారికి తెలిసిన కష్టమే. సముద్రమట్టం పెరుగుదలకు కారణాలు అనేకం. కారు గ్యాసు వాటిలో చిన్నది. అయితే తూకం వేసి ఆపగలిగిన కారణాలు తక్కువ, వాటిలో ఇది ఒకటి. తాతలు చదును చేసిన తోటల పక్కన నేడు చల్లని కారులో వెళ్తున్న మనవలకు ఆ అర కిలో ఎక్కడికి పోయిందన్నది సొంత నేలకు సంబంధించిన ప్రశ్న.