సర్కారు తుమ్మ, మా అపార్ట్‌మెంటు కోనోకార్పస్

మొన్న ఆదివారం మా గేటెడ్ కమ్యూనిటీలో (హైదరాబాదే, పేరు అనవసరం లెండి) జనరల్ బాడీ మీటింగు. ఎజెండాలో ఒకే ఒక్క అంశం. కాంపౌండు గోడ వెంబడి వరసగా ఉన్న కోనోకార్పస్ చెట్లు కొట్టేయాలా, ఉంచాలా? రెండున్నర గంటలు నడిచింది. రిలీజు ముందురోజు రాత్రి మా టీములో కూడా ఇంత గొడవ నేను చూళ్ళేదు.

వేళ్ళు పైపుల్లోకి పోతాయని ఒకాయన, పుప్పొడికి పిల్లలకు దగ్గు వస్తోందని ఒకావిడ, దానికి గట్టి ఆధారమేదీ లేదని ఇంకొకాయన. గుజరాత్ అటవీశాఖ 2023లో దీన్ని నాటొద్దని సర్క్యులర్ ఇచ్చిందని ఎవరో ఫోనులో చదివి వినిపించారు. అప్పుడు వెనక వరసలోంచి పాత సెక్రటరీగారు లేచి, "అసలు ఇవి పెట్టినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం కదండీ. పెద్దగా నీళ్ళు పోయక్కర్లేదు, పశువులు ముట్టవు, చూస్తుండగానే గోడ దాటి పెరుగుతాయి అన్నారు" అన్నారు.

ఆ మాట వినగానే నాకు మా డోన్ గుర్తొచ్చింది. సరిగ్గా ఈ మూడు సుగుణాలు చూసే నూటయాభై ఏళ్ళ కిందట మా వైపు ఇంకో చెట్టు తెచ్చిపెట్టారు.

మీలో బెంగుళూరు రైల్లో డోన్ మీదుగా వెళ్ళినవాళ్ళుంటే తెల్లారుఝామున కిటికీలోంచి చూసే ఉంటారు. నాపరాళ్ళ గుట్టలు, ఎర్ర నేల, పట్టాలకు అటూ ఇటూ కంప. మేం కంపచెట్టు అనేదాన్నే పుస్తకాల్లో సర్కారు తుమ్మ, సీమ తుమ్మ అంటారు. (ఈ సీమ మన రాయలసీమ కాదు. సీమచింత, సీమసరుకు అన్నట్టు పరాయి దేశం అని అర్థం. ఆ చెట్టు దిగేనాటికి రాయలసీమ అన్న పేరే లేదు, అది 1928లో నంద్యాల సభలో పెట్టారు. అప్పటిదాకా మనం దత్తమండలాలం.) సర్కారు తుమ్మ అన్న పేరు మాత్రం అక్షరాలా నిజం. తెచ్చింది సర్కారే.

1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. ఆ రోజుల్లో మద్రాసు రైల్వే ఇంజన్లు ఎక్కువగా కట్టెలతోనే నడిచేవి. చుట్టుపక్కల అడవులు కొట్టుకుంటూ పోతే ఎన్నాళ్ళొస్తాయి? అటవీశాఖకు వంటచెరుకు, ఇంజన్ల కట్టెలు రెండూ సమస్యే. ఆ శాఖ పెద్ద బెడ్డోమ్ అనే సైనికాధికారి. కప్పలు, పాముల మీద పరిశోధన చేసి, ఫెర్న్ మొక్కల మీద పుస్తకాలు రాసినంత పండితుడు. తెలివితక్కువవాడు చేసిన పని కాదన్నమాట. 1876లో ఆయన మద్రాసు ప్రభుత్వానికి రాశాడు, ఎండిపోయిన జిల్లాల్లో వేయడానికి ప్రోసోపిస్ విత్తనాలు తెప్పించండి అని. అదే ఏడు ధాత కరువు మొదలైంది, మన జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో వేశారు. దేశంలో తొలి తోటల్లో అదొకటి. తర్వాత రాజస్థాన్‌కూ పాకింది, 1940లో జోధ్‌పూర్ సంస్థానం దాన్ని ఏకంగా రాజవృక్షంగా ప్రకటించింది!

మన భాషలో చెప్పాలంటే స్పెక్‌లోనే బగ్గు. "మేకలు తినకూడదు" అని రాసుకున్నారు. ఆకులు తినవు, కరెక్టే. కాయలు మాత్రం తియ్యగా ఉంటాయి, ఎగబడి తింటాయి. గింజ అరగదు. మంద ఎక్కడెక్కడ తిరిగితే అక్కడల్లా ఎరువుతో సహా నాటుకుంటూ పోతుంది. కొట్టేస్తే మోడు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. దాని కింద గడ్డి మొలవదు. చెరువులు, వంకలు, బీళ్ళు అన్నీ ఆక్రమించేసింది. అలాగని తిట్టడానికీ నోరు రాదు. కరువేళల్లో మా వైపు చాలా పొయ్యిలు వెలిగింది దాంతోనే. బొగ్గుల బట్టీల మీద బతికిన కుటుంబాలు నాకు తెలుసు.

డోన్‌లో మేం అద్దెకున్న కాలనీలో ఇరవై ఇళ్ళు. వీధికి రెండు పక్కలా వేప, గానుగ. వాటిని పెంచింది ఏ కమిటీ కాదు. నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో చెట్టుకు బిందెడు నీళ్ళు పోస్తే ఇంట్లో చీవాట్లే. అందుకని ప్రతి ఇంటి స్నానాల నీళ్ళూ చిన్న కాలవ తీసి చెట్టు పాదులోకి వదిలేవాళ్ళు. కాలవ పూడితే తీయడం పిల్లల పని, అంటే నా పని. ఇల్లు ఖాళీ అయితే దాని ముందు చెట్టు రెండు వేసవుల్లో వాడిపోయేది. ఏ జాగాను ఎవరూ పట్టించుకోకపోయినా మూడో ఏటికల్లా కంప మొలిచేది. ఏ ఇంట్లో మనుషులున్నారో చెట్లను చూసి చెప్పొచ్చు.

ఇదంతా చిన్నప్పటి ముచ్చట, పెద్ద ఎత్తున కుదరదు అంటారేమో. మన పక్కనే అనంతపురం వైపు (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, మా డోన్‌ను కూడా 2022లో నంద్యాల జిల్లాలో కలిపారు) చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, స్నేహితులు 32 ఎకరాల బీడు కొని, టింబక్టు అని పేరు పెట్టి అక్కడే కాపురం పెట్టారు. వాళ్ళు చేసిందాంట్లో ఎక్కువ భాగం నాటడం కాదు, కాయడం. మేత మేయనివ్వకపోవడం, వేసవి ముందు గడ్డి కోసి మంట పాకకుండా దారులు తీయడం, వాన నీటికి కట్టలు వేయడం. నేలలో ఉన్న గింజలే లేచాయి. అది చూసి పక్క ఊళ్ళు కూడా కమిటీలు వేసుకుని కాపలాకు దిగాయి. అదే కల్పవల్లి, ఏడు వేల ఎకరాలకు పైమాటే. వాన ఏడాదికి ఐదొందల యాభై మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే చోట, వంకల వెంబడి ఈత చెట్లు మళ్ళీ వచ్చాయి. ఆ ఈతాకుతో బుట్టలు, చాపలు అల్లుకునేవాళ్ళకు పని దొరికింది.

2010 తర్వాత అక్కడి కొండల మీద గాలిమరలు, వాటికోసం రోడ్లు వచ్చి కొంత అడవి పోయింది. ఎందుకంటే ఇరవై ఏళ్ళు కాసినా కాగితాల మీద అది ప్రభుత్వ బంజరే. కాసేవాళ్ళు ఒకరు, కాగితం ఇంకొకరి చేతిలో. మా కమ్యూనిటీలో తలకిందులు. కాగితం అందరి పేరునా ఉంది, కాసేవాళ్ళే లేరు.

నాకు తోచింది మీటింగులో లేచి చెప్పాను. కోనోకార్పస్ మంచిదా చెడ్డదా అన్నది రెండో ప్రశ్న, దాన్ని ఎంచుకున్న కారణం మొదటి ప్రశ్న అన్నాను. "సరే బాబూ, నువ్వే చెప్పు ఏం పెడదాం?" అన్నారు. వేప, గానుగ అన్నాను. మూడు వేసవులు నీళ్ళు ఎవరు పోస్తారన్నారు. ఒక కాగితం తిప్పారు, ఇష్టమున్నవాళ్ళు వారం ఎంచుకుని ఫ్లాటు నంబరు రాయమని. మూడొందల పైచిలుకు ఫ్లాట్లకు తొమ్మిది నంబర్లు వచ్చాయి, నాది కలిపి. గోడకు ఒక పక్క మాత్రం ఈ వర్షాకాలంలో మార్చి చూద్దామని తీర్మానం.

రాత్రి ఫోనులో అమ్మకు చెప్పాను. ఆవిడ బెడ్డోమ్ కథంతా ఊఁ ఊఁ అని విని, "గానుగ పెడితే ఎండాకాలం ముందర ఆకంతా రాల్తాదిరా, ఊడ్చేవాళ్ళకు ముందే చెప్పుకోండి" అంది.