తెలుగునాట చేనేత వస్త్ర వ్యాపారం – సామాజిక మాధ్యమాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

నేతకారుడికీ కొనుగోలుదారుకూ మధ్య నిలిచిన వ్యవస్థ కాలానుగుణంగా మారుతూ వచ్చింది. షావుకారు, సహకార సంఘం, నగరాల్లోని ప్రదర్శన అనే వరుసలో ఇప్పుడు సామాజిక మాధ్యమం చేరింది. 2006–2021 మధ్య వచ్చిన మార్పులను పోచంపల్లి ఇక్కత్ ప్రధాన ఉదాహరణగా పరిశీలించి, చేనేత వ్యాపారంలో మధ్యవర్తిత్వం కొత్త రూపంలో ఎలా కొనసాగుతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చేనేత, ఇక్కత్, మాస్టర్ వీవర్, సహకార సంఘం, వాట్సాప్, రీసెల్లర్.

1. పూర్వరంగం

తెలుగు ప్రాంతాల్లో నేత కుటుంబాలు చాలాకాలం షావుకారు మీద, మాస్టర్ వీవర్ మీద ఆధారపడి జీవించాయి. నూలు, పట్టు, రంగులు, డిజైను ఆయన సమకూరుస్తాడు. మగ్గం, శ్రమ నేత కుటుంబానివి. అందువల్ల నేసిన చీరకు ఆ కుటుంబానికి దక్కేది మజూరీ మాత్రమే. చీర అమ్మకపు ధరతో దానికి సంబంధం ఉండదు.

ఈ ఆధారపడటాన్ని తగ్గించే ప్రయత్నంగా సహకారోద్యమం వచ్చింది. 1904 నాటి చట్టం పరపతి సంఘాలకే పరిమితం కాగా, 1912 చట్టం ఇతర సంఘాల ఏర్పాటుకూ వీలు కల్పించింది. దీనితో ఉత్పత్తి, విక్రయాల కోసం నేత సంఘాలు ఏర్పడేందుకు మార్గం సుగమమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1976లో ఆప్కో ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలో టెస్కో ఆ బాధ్యతను స్వీకరించింది. అయితే సంఘం గోదాములోకి చేరిన చీరను ఎవరు కొన్నారో, ఎందుకు మెచ్చారో నేతకారుడికి తెలిసే అవకాశం తక్కువ. కొనుగోలుదారును నేరుగా కలిసే సందర్భం నగరాల్లో జరిగే చేనేత ప్రదర్శనలకే పరిమితమైంది.

2. సాంకేతిక నేపథ్యం

ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో సాధారణ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో వ్యాపార సంస్థలకు ప్రత్యేక పేజీలు ప్రవేశపెట్టింది. 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ మొదలయ్యాయి. భారతదేశంలో ఫేస్‌బుక్ తన తొలి కార్యాలయాన్ని 2010లో హైదరాబాదులోనే ప్రారంభించింది. అయినా నేత కేంద్రాల వ్యాపారంలో ఇవి వేళ్లూనుకోవడానికి మరికొన్ని పరిస్థితులు కలిసి రావలసి వచ్చింది.

ఆ పరిస్థితులు 2016లో కలిసివచ్చాయి. ఏప్రిల్‌లో యు.పి.ఐ. చెల్లింపుల విధానం ఆరంభమైంది. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై మొబైల్ డేటా చౌకగా మారింది. నవంబరు 8న ప్రకటించిన పెద్ద నోట్ల రద్దు నగదు వ్యాపారాన్ని కుదిపి, చిన్న వ్యాపారులను ఫోను చెల్లింపుల వైపు నెట్టింది. చీర ఫొటో పంపడం, బేరం కుదుర్చుకోవడం, డబ్బు అందుకోవడం ఒకే ఫోనులో సాధ్యమయ్యాయి. 1905 నాటి స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా పాటిస్తున్నారు. 2016లో కేంద్ర జౌళి శాఖ ‘ఐ వేర్ హ్యాండ్‌లూమ్’ పేరుతో సామాజిక మాధ్యమాల్లో సాగించిన ప్రచారం చేనేతకు నగర యువతలో ఆదరణ పెంచే దిశగా సాగింది.

3. విక్రయ పద్ధతిలో మార్పు

చేనేత వస్త్రాన్ని కొనేవారు చేత్తో తడిమి, మడత విప్పి, వెలుగులో చూసి నిర్ణయించుకుంటారు. స్పర్శ స్థానంలోకి చిత్రం రావడమే ఈ దశలో అన్నిటికన్నా పెద్ద మార్పు. దీన్ని అధిగమించడానికి వ్యాపారులు సరుకు స్వభావాన్నే ఆధారం చేసుకున్నారు. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు చిటికి కట్టి రంగు అద్దుతారు కనుక డిజైను వస్త్రానికి రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన బట్టలో వెనుకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. అందుకే వీడియోలో చీర వెనుకవైపు తిప్పి చూపడం, మగ్గం మీద ఉండగానే చిత్రించడం నమ్మకం కలిగించే పద్ధతులయ్యాయి.

2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ ఆరంభమైంది. 2019 నవంబరులో దానికి కేటలాగు సదుపాయం తోడైంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు. అందులోనూ పంపినవారి నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. ఈ పరిమితి మూలంగా పాత ఖాతాదారులతో సంబంధాన్ని నిలుపుకోవడం వ్యాపారులకు అవసరమైంది. 2020 మార్చి 25 నుంచి అమలైన లాక్‌డౌన్‌తో ప్రదర్శనలు నిలిచిపోయి చీరల నిల్వలు పేరుకుపోయాయి. అప్పుడు వాట్సాప్ స్టేటస్‌లు, వీడియో కాల్స్ అమ్మకానికి ప్రధాన ఆధారమయ్యాయి. విదేశాల్లోని తెలుగు కుటుంబాలు సైతం పెళ్లి చీరలను వీడియోలోనే ఎంచుకోసాగాయి. అదే ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించగా, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ భారతదేశంలోకి వచ్చింది.

4. కొత్త మధ్యవర్తులు, పాత సమస్యలు

ఈ మార్పులతో నేతకారుడికి నేరుగా మార్కెట్ దక్కిందన్న అభిప్రాయాన్ని జాగ్రత్తగా పరీక్షించాలి. మజూరీకి నేసే కుటుంబానికి తాను నేసిన చీర సొంతం కాదు. ఫొటో తీసి అమ్మే హక్కు దానికి ఉండదు. పేజీ నడపడానికి సొంత సరుకు, పెట్టుబడి, పార్సిల్ పంపే వీలు కావాలి. ఇవి మాస్టర్ వీవర్లకు, నగర వ్యాపారులకు ఉన్నంతగా మగ్గం మీద కూర్చునేవారికి లేవు. మరోవైపు, సరుకు నిల్వ చేయకుండానే ఫొటోకు తమ లాభం కలిపి పంపే రీసెల్లర్లు పుట్టుకొచ్చారు. నాల్గవ అఖిల భారత చేనేత గణన (2019–20) ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత కార్మికులు ఉన్నారు. సామాజిక మాధ్యమాల ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు ఈ కార్మికుల ఆదాయాన్ని కూడా కొలమానంగా తీసుకోవాలి.

రెండవ సమస్య అనుకరణ. ఆసు పోసి, చిటికి కట్టి, రంగులద్ది నేసిన డిజైను ఫొటోగా బయటికి వెళ్లాక అచ్చు మిల్లుకు అది సులభంగా నమూనా అవుతుంది. 2003లో అమల్లోకి వచ్చిన భౌగోళిక సూచికల చట్టం కింద పోచంపల్లి ఇక్కత్ తొలి దశలోనే నమోదైనా, ‘పోచంపల్లి ప్రింట్’ పేరుతో అచ్చు చీరలు అమ్ముడవుతూనే ఉన్నాయి.

మూడవది వేదికపై అదుపు. వాట్సాప్ బిజినెస్ వచ్చిన 2018 జనవరిలోనే ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో వ్యాపార పేజీల కన్నా స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యమిస్తామని ప్రకటించింది. ఏళ్ల తరబడి కూడగట్టిన అనుచరులకు చేరాలన్నా ప్రకటన రుసుము చెల్లించవలసిన అవసరం పెరిగింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ సుమారు ఆరు గంటలపాటు ఏకకాలంలో స్తంభించాయి. ఒకే సంస్థ వేదికలపై నడిచే వ్యాపారం ఎంత బలహీనమైన పునాదిపై ఉందో ఆ సంఘటన తెలియజేసింది.

5. ముగింపు

పై పరిశీలన ద్వారా ఈ అంశాలు తెలుస్తున్నాయి.

- సామాజిక మాధ్యమాలు చేనేత ఉత్పత్తిదారుకూ కొనుగోలుదారుకూ మధ్య దూరాన్ని తగ్గించాయి. అయితే ప్రధాన లబ్ధి సరుకుపై యాజమాన్యం ఉన్నవారికే చేరుతోంది.
- షావుకారు నూలుపై, అప్పుపై అదుపు చూపగా, నేటి వేదిక ఖాతాదారుల దృష్టిపై అదుపు చూపుతోంది.
- పెట్టుబడిని, నిల్వను నలుగురూ కలిసి మోయాలన్న సహకారోద్యమ ఆలోచనకు నేటికీ ప్రాసంగికత ఉంది. నేత సంఘాలు ఖాతాదారుల జాబితాను తమ వద్దే ఉంచుకుని, నేసినవారికి అమ్మకపు ధరలో వాటా ఇచ్చినప్పుడే చేతిలోని ఫోను మజూరీ బతుకును మార్చగలదు.